ప్రపంచ చరిత్రపై ఇరవై ఏడు ముద్రలు

మా చెల్లెలి మనవరాలు హనుమకొండలో డిగ్రీ చదువుతోంది. నాలుగు రోజుల కింద ఫోన్ చేసి, "తాతా, ప్రపంచ చరిత్ర మీద మాలాంటోళ్లకు సమజయ్యే బుక్కులు ఓ పది చెప్పరాదు. ముప్పై ఏండ్లు లైబ్రరీల చేసినవ్ గదా" అంది. రేపు చెప్తానని పెట్టేశాను. ఆ రేపు వచ్చింది, పోయింది. ఈ నాలుగు రోజులూ నేను కుర్చీలో కుదురుగా కూర్చున్నది లేదు. పేపరు తీస్తాను, మడిచి పెట్టేస్తాను. చాయ్ చల్లారిపోతుంది. మా ఆవిడ "ఎవలన్న వస్తాండ్లా ఏంది?" అని రెండుసార్లు వాకిట్లోకి తొంగి చూసింది. ఎవరూ రావడం లేదు. ప్రపంచ చరిత్ర మీద పుస్తకాలు చెప్పమంటే చాలు, నాకు ఇట్లాగే అవుతుంది. అది ఎందుకో, కొత్తగా లైబ్రరీ ఉద్యోగాల్లో చేరుతున్న మీకు చెప్పాలని కూర్చున్నాను. మధ్యలో లేచిపోతే ఏమీ అనుకోకండి.

నేను ఆఖరుగా పనిచేసింది వరంగల్‌లో జంపఖానాలు నేసేవాళ్ల వాడ పక్కన ఒక చిన్న శాఖా గ్రంథాలయం. రెండు గదులు, పది బీరువాలు, నేను, మా అటెండరమ్మ. పొద్దున తలుపు తీసేసరికి పోటీ పరీక్షల పిల్లలు వరసగా నిలబడి ఉండేవాళ్లు. వాళ్ల పుస్తకాలు వాళ్లే తెచ్చుకునేవాళ్లు. మా దగ్గర వాళ్లకు కావలసింది కుర్చీ, ఫ్యాను, ఫోన్ ఛార్జింగు పెట్టుకోవడానికి ఒక ప్లగ్గు. బీరువాల వంక తల తిప్పిన వాళ్లు లేరు.

అయితే నెల తిరిగేసరికి పైకి ఒక నివేదిక పంపాలి. ఈ నెలలో ఎన్ని పుస్తకాలు పాఠకుల ఇళ్లకు వెళ్లాయి అన్నది అందులో ముఖ్యమైన గడి. అక్కడ సున్నా పెడితే ఆ శాఖ ఎందుకు అని అడుగుతారు. ఎవరైనా నిజంగా అడిగారో లేదో నాకు తెలియదు. అడుగుతారని నా మొదటి పోస్టింగులో ఒక సీనియర్ భయపెట్టాడు, ఆ భయాన్ని ముప్పై ఏళ్లు జాగ్రత్తగా కాపాడుకున్నాను. మందు కూడా ఆయనే నేర్పాడు. లైబ్రరీ పుస్తకం వెనక అట్ట లోపల ఒక చీటీ అంటించి ఉంటుంది. పుస్తకం ఎవరు తీసుకెళ్లినా, తిరిగి ఇవ్వాల్సిన తేదీని దాని మీద రబ్బరు ముద్ర కొడతాం. నెలాఖరున నాలుగు పుస్తకాలు దించుకుని, ఎవరూ తీసుకోకపోయినా తేదీ కొట్టెయ్యడమే ఆ మందు. రిజిస్టర్లో ఎప్పుడో ఊరు మారిపోయిన వాళ్ల కార్డు నంబర్లు రాస్తే సరిపోయేది.

ఏ పుస్తకాల మీద కొట్టాలన్నదానిలోనూ ఒక పద్ధతి ఉంది. నవలల మీద కొట్టకూడదు. వాటిని నిజంగా అడిగేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, తేదీలు చూసి అనుమానపడతారు. ఎవరూ అడగరని గట్టిగా నమ్మకం ఉన్న వాటి మీదే కొట్టాలి. మా శాఖలో ఆ నమ్మకం ప్రపంచ చరిత్ర మీద ఉండేది. అందులోనూ పై అరలో ఒక నీలం అట్ట పుస్తకం ఉండేది. అయిదు వందల పన్నెండు పేజీలు. రాతి గొడ్డళ్ల దగ్గర మొదలై మన కాలం దాకా వస్తుంది. దించినప్పుడల్లా మా అటెండరమ్మ దాన్ని చీరకొంగుతో తుడిచి, "పాపం, దీనికి మనమే దిక్కు సార్" అనేది.

నా రిటైర్మెంటు ఇంకో ఆరు నెలలు ఉందనగా ఒక ఉత్తర్వు వచ్చింది. నవంబరులో జరిగే గ్రంథాలయ వారోత్సవాల కోసం ప్రతి శాఖా ఒక్కో విషయం మీద సామాన్య పాఠకులకు పది పుస్తకాలు సిఫారసు చేస్తూ ముందుగానే బోర్డు పెట్టాలి. మా శాఖకు ప్రపంచ చరిత్ర పడింది. గడువు రెండు రోజులు. నేను ఆ బీరువాలో ఒక్క పుస్తకం కూడా చదివినవాణ్ని కాదు. పుస్తకాల మధ్య బతికేవాడు పుస్తకాలు చదువుతాడని మీరు అనుకుంటే అది మీ మంచితనం. ఏం చేయాలో తోచక పుస్తకాలన్నీ బల్ల మీద పరిచి, వెనక చీటీలు తిప్పి చూశాను. ఎక్కువ ముద్రలున్న పది ఎంచి, అందంగా చార్టు మీద రాశాను. నీలం అట్ట పుస్తకానికి మొదటి స్థానం ఇచ్చి, పక్కన ఎర్ర స్కెచ్‌పెన్నుతో "పాఠకులు అత్యధికంగా చదివినది" అని చేర్చాను.

ఆ ముద్రలు ఎవరు కొట్టారో రాస్తున్నప్పుడు నాకు గుర్తులేదా అని మీరు అడగొచ్చు. గుర్తుంది. కానీ ముద్ర ఒకసారి కాగితం మీద పడ్డాక, చూసేవాళ్లకే కాదు, కొట్టినవాడికి కూడా నిజంలాగే కనిపిస్తుంది. ఇంతకంటే మంచి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు.

బోర్డు పెట్టిన వారానికి ఆమె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. వేళ్ల సందుల్లో రంగు నూలు పోగులు. పక్క వీధిలోని జంపఖానాల కార్ఖానాలో భర్త మగ్గం నేస్తే, ఆమె నూలు కండెలు చుట్టేది. పదో తరగతి దాకా నెక్కొండలో చదివింది. చాయ్ తాగే పావుగంటలో కార్ఖానాలో ఎనిమిది మందికి పేపరు చదివి వినిపించడం ఆమె పని. ఎవరో పెట్టిన పని కాదు. పదిహేనేళ్లుగా అదే నడుస్తోంది.

"దినాం ఫోన్లల్ల యుద్ధాలు చూపిస్తాండ్లు సార్. గా దేశం గీ దేశం మీద ఎందుకు వడ్డది, మొదలు ఎవలిది తప్పు అని మా పెద్దమనుషులు నన్నే అడుగుతాండ్లు. నాకేమెరుక? పేపర్ల నిన్నటిదే ఉంటది. మొదటి సంది ఉన్నది కావాలె" అంది. బోర్డు వైపు చూపించి, "గా ఒకటో నంబరుది ఇయ్యుండ్రి" అంది.

నీలం అట్ట పుస్తకం ఇచ్చాను. ముప్పై ఏళ్లలో ప్రపంచ చరిత్ర మీద నేను నిజంగా కొట్టిన మొదటి ముద్ర అది. మా అటెండరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

రెండు సార్లు గడువు పొడిగించుకుని, మూడోసారి వచ్చినప్పుడు ఆమె ముఖం మారిపోయి ఉంది. పుస్తకం తెరిచి వెనక చీటీ నా ముందు పెట్టింది. తనవి మూడు తీసేసి మిగతావి వేలితో లెక్కపెట్టింది.

"ఇరవై ఏడు మంది తీస్కపోయిండ్లు సార్. అంతమందికి సమజైంది. నాకే అయితలేదు. నూట నలభై పేజీలకు వచ్చిన, మొదట్ల ఏం చదివిన్నో యాదికుంటలేదు. నా తలకాయల ఏమన్న తక్కువున్నదా?"

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పైగా, "మెల్లగా చదవండమ్మా, పట్టుదల ఉంటే అర్థం కానిదంటూ ఉండదు" అన్నాను. గోడ మీద రాసే మాటలు నోటికి ఎంత తొందరగా వస్తాయో! ఆమె తల ఊపి, "గీ ఇరవై ఏడు మందిల ఒక్కలను చూపియ్యుండ్రి సార్. ఒక్క గంట కూసోని అడుగుత" అంది.

ఒక రిటైర్డు మాస్టారు ఉండేవాడని, ఆయన బాగా చదివాడని, ఇప్పుడు నర్సంపేట వెళ్లిపోయాడని చెప్పాను. దూరంగా పంపేస్తే ఊరుకుంటుందనుకున్నాను. ఆమె ముఖం వెలిగింది.

"నర్సంపేటల మా ఆడబిడ్డ ఉంటది సార్. నేను పోయి దేవులాడుత."

నిజంగానే పోయింది. ఆదివారం పూట బస్సెక్కి పోయి, ఆడబిడ్డను వెంటబెట్టుకుని మార్కెట్టు చుట్టూ ఉన్న వీధుల్లో చరిత్ర చదివిన మాస్టారి కోసం ఇల్లిల్లూ అడిగింది. సోమవారం వచ్చి, "దొరకలే సార్. పేరన్న యాది చేస్కోని చెప్పుండ్రి" అంది. ఆ మాట విన్నాక కూడా నేనేం చేశానో రాయడానికి చెయ్యి ఆడటం లేదు. కాసేపు లేచి తిరిగొచ్చి రాస్తున్నాను. "బహుశా మరిపెడకు మారాడేమో" అన్నాను.

ఆ తర్వాత గేటు కిర్రుమంటే చాలు, నేను బీరువాల వెనక్కి వెళ్లేవాణ్ని. రాత పనులన్నీ నిలబడి చేసేవాణ్ని. "గా కుర్చీల ముండ్లున్నయా సార్? ఆ ఇరవై ఏడు మందిల నేనొక్కన్ని అని చెప్పరాదుండ్రి, పీడ పోతది" అంది మా అటెండరమ్మ. ఆ సలహా నాకు నచ్చింది. మా దగ్గర అదే పుస్తకం ఇంకో కాపీ ఉంటే ఇంటికి తీసుకెళ్లి చదవడం మొదలుపెట్టాను. అరవై రెండో పేజీ దగ్గర ఒకే పేరున్న రాజులు ఆరుగురు వరసగా వచ్చారు. ఎవరి కొడుకు ఎవరో, ఎవరిని ఎవరు చంపారో తేలక పుస్తకం మూసేశాను. ఆమె నూట నలభై దాకా ఎట్లా వెళ్లిందో నాకు అర్థం కాలేదు. సిగ్గు మొదలైంది అప్పుడే. అంతకుముందు ఉన్నది భయం మాత్రమే.

వారోత్సవాల ముగింపు రోజు పై అధికారి వచ్చారు. పాఠకులకు పుస్తకాలు బాగా అందిస్తున్న శాఖగా మమ్మల్ని ఎంపిక చేశారని, నాకు శాలువా కప్పుతారని ముందే కబురొచ్చింది. హాల్లో పరీక్షల పిల్లలు, వాడలోని పెద్దమనుషులు కూర్చున్నారు. కార్ఖానా వాళ్లు కూడా వచ్చారు. మూడో వరుసలో ఆమె, పక్కన పెద్ద మగ్గం నేసే ముసలాయన. ఆ రోజు ప్రదర్శన కోసం నీలం అట్ట పుస్తకం ఆమె దగ్గర్నుంచి తెప్పించి, బల్ల మీద అన్నిటికంటే ముందు పెట్టాం.

అధికారి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. వెనక అట్ట తిప్పి, చీటీని అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నారు.

"చూడండి! నేత కార్మికుల వాడలో ప్రపంచ చరిత్ర ఇన్నిసార్లు బయటికి వెళ్లింది. ఇది కదా చైతన్యం! ఈ పుస్తకం చదివినవాళ్లు ఒకసారి చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. నేను వేదిక మీద నిలబడి నా చెప్పుల వంక చూసుకుంటున్నాను. అధికారి నవ్వుతూ ఎదురుచూస్తున్నారు. మూడో వరుసలో ఆమె చెయ్యి సగం లేచి, మళ్లీ కిందికి దిగింది. పక్కనున్న ముసలాయన, "చెప్పు బిడ్డా, నువ్వు చదివినవ్ గదా" అని ఆమెను లేపాడు. ఆమె లేచి నిలబడింది.

"తీస్కపోయిన సార్. గని నా తోని కాలే. మిగిలినోళ్లకు అయింది, నాకు కాలే."

పరీక్షల పిల్లలు నవ్వారు. చెడ్డ పిల్లలేమీ కాదు, ఎవరో ఒకరు నవ్వితే నవ్వుతారు. అధికారి ఆమెను ఓదార్చబోయి, "పరవాలేదమ్మా, అన్నీ అందరికీ అర్థమయ్యేవి కావు" అన్నారు. ఆ తర్వాత నాకు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. నేను దండం పెట్టాను. ఒక్క మాట చాలు ఆమె తల మళ్లీ ఎత్తడానికి, ఆ మాట నా గొంతులోనే ఉంది, నేను దండం పెట్టాను.

రెండు రోజుల తర్వాత ఆమె వచ్చి కార్డు బల్ల మీద పెట్టింది.

"కార్డు కొట్టేయుండ్రి సార్."

"ఎందుకమ్మా?"

"ఎందుకంటే ఏం చెప్పాలె? పేపరు గుడ బంద్ వెట్టిన. చాయ్ కాడ ఎవల ఫోన్లు వాళ్లు చూస్తాండ్లు. నాకు సమజైందే చెప్తాన్ననా, నాకు తోచింది చెప్తాన్ననా అని నాకే డౌటు వస్తాంది. తెల్వనిదాన్ని తెల్వనట్టు ఉండాలె గదా."

ఆమె వెళ్లిపోయింది. కార్డు బల్ల మీద ఉంది. పదిహేనేళ్లు ఎనిమిది మందికి లోకాన్ని చదివి వినిపించిన మనిషిని నేను నెలకో రబ్బరు ముద్రతో నోరు మూయించాను. నాకు ఏడుపొచ్చింది. మా అటెండరమ్మ చూసి, ఈసారి వేళాకోళం చేయలేదు. "మీ ఒక్కరి పని గాదు సార్. ముద్రలు నేను గుడ అందిచ్చిన" అంది. తర్వాత నీలం అట్ట పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి, "చాయ్ టైమైతాంది, పోండ్రి" అంది.

కార్ఖానాకు వెళ్లాను. మగ్గాలు ఆగి ఉన్నాయి. ఎనిమిది మంది ఎనిమిది మూలల్లో గ్లాసులు పట్టుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఆమె రాట్నం దగ్గర కండెలు చుడుతూనే ఉంది. నన్ను చూసి లేవలేదు. ఆమె తల దించుకున్నది వీళ్ల ముందు కాబట్టి, చెప్పాల్సింది వీళ్ల ముందే అని దారిలో అనుకున్నాను. నిలబడే చెప్పాను. ఆ ముద్రలు నేను కొట్టినవని, ఇరవై ఏడు మంది ఎవరూ లేరని, బోర్డు మీద రాసింది ఆ దొంగ ముద్రలు చూసేనని చెప్పాను.

ముసలాయన గ్లాసు కింద పెట్టాడు.

"అంటే గీ బుక్కు ఎవ్వలు చదవలేదా?"

"లేదు పెద్దయ్యా."

"నర్సంపేట మాస్టరు?"

"ఆయన కూడా లేడు."

రాట్నం ఆగింది. ఆమె లేచి నా ముందుకొచ్చింది.

"మా ఆడబిడ్డ గా ఎండల నాతోని తిరిగింది సార్. లేని మనిషి కోసం. మూడు నెలలు నన్ను నేను తిట్టుకున్న. పండుకుంటే గదే, లేస్తే గదే. మీకు ఒక్క మాట చెప్ప బుద్ధి గాలేదా?"

"భయపడ్డానమ్మా."

"నా అసొంటిదానికా?"

ముసలాయనే మళ్లీ అందుకున్నాడు. ఆయన లెక్క ఆయనది.

"సారూ, మా బిడ్డ ఎంత దాక చదివింది?"

"నూట నలభై పేజీలు."

"ఊళ్లె ఇంకెవ్వలు చదవలేదంటివి."

"నాకు తెలిసి లేరు."

"మీరు?"

"అరవై రెండు."

ముసలాయన చుట్టూ చూసి, "మరి అందరికంటె ముందట గీమెనే ఉన్నది గదరా!" అన్నాడు. ఎవరో ఫోన్ జేబులో పెట్టుకున్నారు. ఆమె నవ్వలేదు. కోపం తగ్గనూ లేదు. నా చేతిలోని పుస్తకం తీసుకుని అరవై రెండో పేజీ తెరిచింది.

"గీ రాజుల కాడనా ఆగిండ్లు?"

"అవునమ్మా."

"నేను గుడ గీడ్నే పది దినాలు ఆగిన" అంది. పుస్తకం నాకు తిరిగి ఇవ్వలేదు.

ఆ నెల నివేదికలో నిజం రాశాను. పుస్తకాలు మూడు. పైనుంచి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది, ఉన్నది ఉన్నట్టు జవాబిచ్చాను, శాలువా ఉతికించి దానితో పాటే పంపాను. శాలువా మాత్రం తిరిగొచ్చింది. దాన్ని ఎవరి పేరు మీద జమ కట్టుకోవాలో తెలియలేదట. రిటైర్మెంటు సభ లేకుండానే రిటైరయ్యాను. అందులో నాకు బాధ లేదు.

వెళ్లేముందు బోర్డు మీది చార్టు తీసేసి కొత్తది పెట్టాను. అవే పుస్తకాలు, కానీ పక్కన మెచ్చుకోళ్లు లేవు. "ఎవరు ఎంత దాకా చదివారు" అని ఒక గడి గీసి, దారంతో పెన్ను కట్టాను. నీలం అట్ట పుస్తకం పక్కన మొదటి అంకె నాదే రాశాను, అరవై రెండు. మర్నాడు దాని పక్కన నూట నలభై వచ్చింది. మిగతా తొమ్మిది ఖాళీ. అంతవరకే నేను చూశాను. రెండేళ్లుగా అటువైపు వెళ్లలేదు.

ఇవాళ పొద్దున ఇక ఉండబట్టక వెళ్లాను. పిల్లకు పుస్తకాలు చెప్పాలి కదా. చార్టు అంచులు చిరిగి, టేపు వేసి ఉంది. పరీక్షల పిల్లలు కూడా రాశారు. ముప్పై, పదకొండు, తొంభై నాలుగు అని రకరకాల చేతిరాతలు. ఒక పుస్తకం పక్కన "ఎనిమిది, నిద్ర వచ్చింది" అని ఉంది. నా ఉద్యోగంలో నేను చూసిన అన్ని నివేదికల్లోకీ నిజమైనది అదే. నీలం అట్ట పుస్తకం వరుసలో ఆమె అంకెలు ఒకదాని పక్కన ఒకటి పెరుగుతూ పోయాయి. నూట ఎనభై, రెండు వందల అరవై, మూడు వందల ముప్పై, చివర అయిదు వందల పన్నెండు. దాని కింద ఇట్లా రాసి ఉంది:

"కొత్తగ చదివేటోళ్లు రాజుల కాడ ఆగకుండ్రి. నూలు మిల్లులు వచ్చిన కాడ మొదలు పెట్టుండ్రి, రెండు వందల పదో పేజీ. అది మన కత. తర్వాత ఎనుకకు రాండ్రి."

చరిత్ర పుస్తకాన్ని మామూలు మనిషికి ఎట్లా సిఫారసు చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు నేర్చుకున్నాను. ఆ నాలుగు వాక్యాలూ మా పిల్లకు పంపడానికి చీటీ మీద రాసుకున్నాను.

తర్వాత నా అంకె చూశాను. అరవై రెండు అట్లాగే ఉంది. రిటైరయ్యాక ఆ పుస్తకం ఒకటి కొనుక్కుని మళ్లీ పట్టాను, వదిలాను, పట్టాను. దారానికి వేలాడుతున్న పెన్ను తీసుకున్నాను. చుట్టూ ఎవరూ నన్ను చూడటం లేదు. అయిదు వందల పన్నెండు అని రాయడానికి ఒక్క క్షణం పట్టదు, పక్కన ఆమె అంకెతో సమానంగా బాగుంటుంది కూడా. చెయ్యి ఆ మొదటి అంకె దాకా వెళ్లింది. ముప్పై ఏళ్ల అలవాటు.

నూట ఎనభై మూడు అని రాసి, పెన్ను వదిలేసి, ఇంటికొచ్చాను.